లెక్క చెప్పడం నుంచి లెక్క అడగడం దాకా

తెలుగులో 'లెక్క' అనే మాటకు ఉన్నన్ని అర్థాలు చాలా తక్కువ మాటలకుంటాయి. ఎదుటి మనిషిని గౌరవించకపోతే 'లెక్కచేయలేదు' అంటాం. విలువ లేదనుకున్నది 'లెక్కలోకి రాదు'. 'నా లెక్క ప్రకారం' అంటే నా అభిప్రాయంలో అని. తెలంగాణలో 'వాళ్ల నాయన లెక్క' అంటే నాయనలాగా అని. అంకె, గౌరవం, అభిప్రాయం, పోలిక, అన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. దీని చుట్టూ తిరిగే క్రియలు మాత్రం ముఖ్యంగా రెండే: లెక్క చెప్పడం, లెక్క అడగడం. ఇంట్లో ఈ రెండు క్రియలకూ కర్తలెవరో మనకి తెలుసు. చింతపండుకెంత, పాలకెంత, పిల్లల పుస్తకాలకెంత అని నెలాఖరుకి చెప్పేది ఆమె, అడిగేది ఆయన. ఆయన చేతి ఖర్చుకు లెక్క అడిగితే అది గయ్యాళితనం అవుతుంది.

ఇంటి గడప దాటినా ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. ఊరి భూమికీ శిస్తుకీ లెక్క రాసినవాడు కరణం. ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. దస్త్రం ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉండేది. ఎవరి పొలం ఎవరి పేరున ఎక్కిందో ఆ రాత చదవగలిగినవాడికే తెలుసు. గ్రామ పదవి ఒక కుటుంబానికి వారసత్వంగా దక్కడం సమాన అవకాశాల హక్కుకు విరుద్ధమని ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక మునసబు పదవి కేసులో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. అయినా కరణాల వ్యవస్థ రద్దయింది 1984లో, ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చాక. చదువు, కులం, మగతనం మూడూ కలిసిన ఆ పీఠం మీద అన్ని తరాల్లో స్త్రీ ఊసే లేదు. ఆడిట్ వృత్తిలోకి స్త్రీల రాకని నేను ఈ నేపథ్యంలో చూస్తాను. ఏదో ఒక ఉద్యోగంలో ఆడవాళ్ల శాతం పెరగడం గురించి కాదు నా ఆసక్తి. లెక్క చెప్పవలసిన మనిషి లెక్క అడిగే మనిషిగా ఎలా మారింది, మారాక ఏం అడుగుతోంది అన్నది నా ప్రశ్న.

తలుపులు తెరుచుకున్న క్రమం

మన దేశంలో ప్రభుత్వ ఆడిట్ వలస పాలనతో వచ్చింది. 1860లో ఎడ్వర్డ్ డ్రమ్మండ్ మొదటి ఆడిటర్ జనరల్‌గా బాధ్యత తీసుకున్నాడు. సిపాయిల తిరుగుబాటు తర్వాత కంపెనీ నుంచి బ్రిటిష్ రాణి చేతికి వచ్చిన రాజ్యానికి ఖర్చు మీద అదుపు కావలసి వచ్చింది. ఆ ఆడిట్ జవాబు చెప్పింది లండన్‌కి, ఇక్కడి ప్రజలకి కాదు.

అదే లండన్‌లో మేరీ హారిస్ స్మిత్ అనే ఆమె అకౌంటెంటుగా పనిచేస్తూ 1891లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వం అడిగింది. స్త్రీ కాబట్టి ఇవ్వలేదు. లింగం కారణంగా వృత్తుల్లోకి రానివ్వకపోవడాన్ని తొలగిస్తూ 1919లో చట్టం వచ్చాక, 1920లో ఆమెని చేర్చుకున్నారు. అప్పటికి ఆమెకి 75 ఏళ్లు. జీవితమంతా చేసిన పనికి గుర్తింపు, పని మానేసే వయసులో వచ్చింది! ఆమె కంటే ముందే, 1909లో, వేరే అకౌంటెంట్ల సంఘంలో సభ్యత్వం సంపాదించిన ఎథెల్ ఎయిర్స్ పర్డీ ఓటు హక్కు ఉద్యమకారిణి. పెళ్లయిన స్త్రీ ఆదాయాన్ని భర్త ఆదాయంగా చూసే పన్ను చట్టంలోని వింతల్ని ఆమె వృత్తిపరంగా ఎండగట్టింది. ఓటు లేని స్త్రీ దగ్గర పన్ను ఎందుకు తీసుకుంటారన్న వాదనకి ఆమె లెక్కల పుస్తకం ఆయుధమైంది.

మన దగ్గరి కథ ఇంకా ఆసక్తికరం. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో, 1907లో పుట్టిన ఆర్.శివభోగం స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లింది. 1933లో అకౌంటెన్సీ డిప్లొమా పూర్తి చేసి దేశంలో మొదటి మహిళా అకౌంటెంటు అయింది. కానీ జైలుకెళ్లినవాళ్లు ఆ వృత్తిలో నమోదు కాకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. ఆమె కోర్టుకెళ్లి గెలిచి, 1937లో ప్రాక్టీసు మొదలుపెట్టింది. ఖద్దరు కట్టిన ఒక స్త్రీ వలస ప్రభుత్వ నిబంధననే ప్రశ్నించి, ఇతరుల లెక్కల్ని పరీక్షించే అధికారం సంపాదించిందన్న మాట. స్వాతంత్ర్యోద్యమంలో స్త్రీల గురించి రాసేటప్పుడు మనం ఉప్పు, రాట్నం, పికెటింగ్ గుర్తుచేసుకుంటాం. శివభోగం లెడ్జరు మన జ్ఞాపకాల్లోకి ఎక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 148వ అధికరణం కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్, స్వతంత్ర హోదా పొందాడు. (ఇక్కడ 'పొందాడు' అన్న పుంలింగం నా రాత అలవాటు కాదు, చరిత్ర. 1948 నుంచి ఇప్పటిదాకా కాగ్ పదవిలో కూర్చున్న 15 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదు.) ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసుకి కూడా సివిల్ సర్వీసుల పరీక్షే దారి. ఆ పరీక్ష స్త్రీలకి తెరిచారు గాని, పెళ్లి అనే తాళం మిగిలింది. విదేశాంగ శాఖ నియమాల ప్రకారం ఉద్యోగంలో ఉన్న స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. కుటుంబ బాధ్యతలు పనికి అడ్డం వస్తున్నాయనుకుంటే రాజీనామా చేయమనవచ్చు. ఆ శాఖలో చేరిన మొదటి మహిళ సి.బి.ముత్తమ్మ దీని మీద సుప్రీంకోర్టుకెళ్లింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నియమాల్లోని వివక్షని గట్టిగా దుయ్యబట్టారు. రాజ్యాంగం వచ్చిన ముప్పై ఏళ్లకి, రాజ్యాంగం కింద పనిచేసే ఒక అధికారిణి సమానత్వానికి లెక్క అడగవలసి వచ్చింది.

పైసా ఖర్చయింది, పని జరిగిందా?

ఇక్కడ ఆడిట్ స్వభావంలో వచ్చిన మార్పు గురించి కొంత చెప్పాలి. పాత పద్ధతి ఆడిట్ రెండు ప్రశ్నలు వేస్తుంది. అంకెలు సరిపోయాయా? ఖర్చు నిబంధనల ప్రకారం జరిగిందా? వోచరు ఉంటే, సంతకం ఉంటే, మంజూరు ఉంటే సరే. పనితీరు ఆడిట్ మూడో ప్రశ్న వేస్తుంది: ఏ ఉద్దేశంతో ఖర్చుపెట్టారో అది నెరవేరిందా? పొదుపుగా కొన్నారా, ఉన్న వనరులతో చేయగలిగినంత చేశారా, అనుకున్న ఫలితం వచ్చిందా అన్న మూడు కొలతలు దీనికి మూలం.

ఈ ప్రశ్న పేదల కార్యక్రమాలతో ముడిపడి బలపడిందని గుర్తుంచుకోవాలి. అమెరికాలో 1960లలో 'పేదరికం మీద యుద్ధం' పేరుతో వచ్చిన పథకాలు ఎంతవరకు ఫలించాయో చూడమని 1967లో అక్కడి కాంగ్రెస్ జాతీయ ఆడిట్ సంస్థని ఆదేశించింది. అకౌంటెంట్లతో మాత్రమే తేలే పని కాదది. ఆ కాలంలో సంస్థని నడిపిన ఎల్మర్ స్టాట్స్ ఇతర శాస్త్రాలు చదివినవాళ్లని కూడా ఉద్యోగాల్లోకి తీసుకున్నాడు. 1972లో ప్రభుత్వ ఆడిట్ ప్రమాణాలు ప్రకటించాడు. 2004లో ఆ సంస్థ తన పేరులోని 'అకౌంటింగ్' అనే మాట తీసేసి 'అకౌంటబిలిటీ' అని పెట్టుకుంది. అంటే లెక్కల కార్యాలయం జవాబుదారీ కార్యాలయమైంది. ఈలోగా 1977లో వివిధ దేశాల ఆడిట్ సంస్థలు లిమా ప్రకటనలో పనితీరు ఆడిట్‌కి చోటిచ్చాయి. మన కాగ్ 2004లో దీనికి మార్గదర్శకాలు తెచ్చి 2014లో కొత్తగా రాసింది.

ఈ మూడో ప్రశ్న స్త్రీలకి ఎంత ముఖ్యమో ఒక్క నివేదిక చూస్తే చాలు. బడుల్లో ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా మరుగుదొడ్లు కట్టే బాధ్యత 2014లో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలకి కూడా అప్పగించారు. లక్షకి పైగా కట్టామని ఆ సంస్థలు చెప్పాయి. కాగితం మీద పథకం పూర్తయింది. కాగ్ బృందాలు 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లని కళ్లతో చూసి వచ్చాయి. అందులో 83 అసలు కట్టలేదు. కట్టామన్నవాటిలో 200 ఆ బడుల్లో కనిపించనే లేదు. 86 సగంలో ఆగిపోయాయి. మిగిలిన 2,326లో 691 వాడకంలో లేవు. 72 శాతంలో లోపల నీళ్లు రావు. ఆడా మగా కలిసి చదివే 1,967 బడుల్లో 535 చోట్ల, విడివిడిగా ఉండాలన్న ఉద్దేశమే నెరవేరలేదు. 2020లో పార్లమెంటు ముందుకొచ్చిన ఈ నివేదికలో విశేషణాలు లేవు, ఆవేశం లేదు. కానీ బయట నెలలు వచ్చే వయసు పిల్ల బడి ఎందుకు మానేస్తుందో దీనికంటే సూటిగా చెప్పిన వచనం నేను చాలా తక్కువ చదివాను. వోచరు ఆడిట్ దగ్గరే ఆగిపోతే ఆ 200 మరుగుదొడ్లు ఎప్పటికీ 'ఉన్నట్టే' లెక్క.

కథ చదివి లెక్క కట్టినవాళ్లు

ఇదంతా కార్యాలయాల చరిత్ర. దీనికి సమాంతరంగా ఊళ్లలో ఇంకో చరిత్ర నడిచింది. 1990లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. రాత్రి బడుల వాచకంలో సారా కొట్టు మూయించడానికి ఊరి ఆడవాళ్లని కూడగట్టిన సీతమ్మ కథ ఒకటుంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి తమ ఊళ్లో అదే చేశారు. అక్కడ మొదలైన సారా వ్యతిరేకోద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. సాహిత్య విద్యార్థిగా నాకు ఈ ఘట్టం ఎప్పుడూ అబ్బురమే. ఒక వాచకంలోని చిన్న కథకి అంతటి పాఠకులు దొరకడం మామూలు విషయం కాదు. అయితే ఆ పాఠకులు కథతోపాటు కూడికలూ తీసివేతలూ కూడా నేర్చుకుంటున్నారన్న సంగతి మనం అంతగా పట్టించుకోలేదు. రోజు కూలిలో సారాకి ఎంత పోతోంది, ఇంటికి ఎంత వస్తోంది, ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్తోంది? మగవాడి ఖర్చుకి, ప్రభుత్వ ఆదాయానికి ఒకేసారి లెక్క అడగడం అది. తర్వాత అదే జిల్లాలో 'పొదుపులక్ష్మి' బృందాలు పుట్టాయి. రూపాయి రూపాయి చొప్పున మిగిల్చి పుస్తకంలో రాసుకోవడం లక్షల మందికి అలవాటైంది.

అదే దశకంలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పనిచేస్తోంది. ఐ.ఎ.ఎస్. వదిలేసి వచ్చిన అరుణా రాయ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. కరువు పనుల్లో కనీస కూలి ఎందుకు ఇవ్వరని అడిగితే, మీరు పని చేయలేదని మస్టర్లలో ఉందన్నారు. ఆ మస్టర్లు చూపించమంటే రహస్యమన్నారు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో మొదటి జన సున్‌వాయి జరిగింది. ఊరి మధ్యలో మస్టరు చదివి వినిపిస్తే చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు కూలి తీసుకున్నట్టు బయటపడింది. ఆ సంఘంలోని సుశీల అనే ఆమె నాలుగో తరగతి వరకే చదివింది. మీకు సమాచార హక్కు దేనికని పత్రికలవాళ్లు అడిగితే ఆమె చెప్పిన సమాధానం తర్వాత ఎందరో తిరిగి చెప్పారు. కొడుకుని పది రూపాయలిచ్చి బజారుకి పంపితే వచ్చాక లెక్క అడుగుతానని, తన పేరు చెప్పి కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాన్ని అడగకూడదా అని ఆమె వాదన. ఇల్లాలి పద్దుని ఆమె తలకిందులు చేసింది. ఇంట్లో లెక్కతో గడిపిన అనుభవం ఆమెకి అధికారాన్ని ప్రశ్నించే అర్హత అయింది.

2005లో సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం రెండూ వచ్చాయి. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షను పనుల మీద సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. దీన్ని మిగిలిన రాష్ట్రాలకంటే గట్టిగా పట్టుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో దీనికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి దానికి డైరెక్టరు అయింది. కూలి కుటుంబాల్లో కాస్త చదువుకున్న యువతీ యువకుల్ని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, తమ ఊరు కాని ఊళ్లకి పంపేవారు. వాళ్లు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తవ్విన కాలవని టేపుతో కొలిచి పుస్తకంలోని కొలతతో పోల్చారు. గ్రామసభలో చదివి, మండల ప్రజావేదికలో అధికారుల ఎదుట పెట్టారు. పనిచోట నీళ్లున్నాయా, నీడ ఉందా, అయిదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలుంటే చూసుకోవడానికి ఒక ఆయాని పెట్టారా అని అడిగారు. కూలీల్లో సగానికి పైగా స్త్రీలున్న పథకంలో ఇవి చిన్న ప్రశ్నలు కావు. 2011లో కాగ్‌ని సంప్రదించి కేంద్రం ఉపాధి హామీకి ఆడిట్ నియమాలు తెచ్చినప్పుడు ఈ అనుభవమే పనికొచ్చింది. షిమ్లా అకాడమీలో శిక్షణ పొందిన ఆడిట్, వీధి అరుగు మీద కూర్చున్న ఆడిట్ అక్కడ ఒకదాన్నొకటి గుర్తించాయి.

దీన్ని విజయగాథగా ముగించలేం. జార్ఖండ్‌లో 2008 మేలో సామాజిక తనిఖీకి సిద్ధమవుతున్న లలిత్ మెహతా హత్యకి గురయ్యాడు. బయటపడ్డ సొమ్మంతా తిరిగి రాలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పథకం పేరు మారినా, మస్టరు చదవడం నేర్చిన ఊరు ఆ చదువుని మరిచిపోకూడదన్నదే ఇప్పుడు నా ఆందోళన.

కొలబద్ద ఎవరిది?

తెలుగు ఎం.ఏ.లో నాకు జూనియర్ ఒకమ్మాయి కొన్నేళ్ల కిందట ఆడిట్ ఉద్యోగంలో చేరింది. "అక్కా, ప్రబంధాలు చదివినదాన్ని నాకు లెక్కలేమిటి?" అని మొదట్లో బెంగపడేది. నిజానికి ఆ పరీక్షలకి ఏ డిగ్రీ అయినా చాలు. పైగా పనితీరు ఆడిట్‌లో కూడికల కంటే చదవడమే ఎక్కువ. ఫైలులో ఎవరు ఎవరికి ఏ తేదీన ఏమి రాశారు, ఏ ఉత్తరానికి జవాబు లేదు, ఏ పేజీ దగ్గర కథ తెగింది? పాఠాన్ని అనుమానంతో చదవడం సాహిత్య విమర్శ మనకి నేర్పిన పనే కదా. ఆడిట్ పేరాకి కూడా ఒక నిర్మాణం ఉంది. ఎలా ఉండాలి, ఎలా ఉంది, ఎందుకలా ఉంది, దానివల్ల ఏమైంది. ఈ నాలుగూ కుదిరితేనే పేరా నిలబడుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా అవతలి శాఖ ఒక్క వాక్యంతో కొట్టేస్తుంది.

ఆమె మొదటిసారి వెళ్లింది ఆడపిల్లల హాస్టళ్ల పరిశీలనకి. మంచాలెన్ని, దుప్పట్లెన్ని, స్నానాల గదులెన్ని అన్న గడులున్న ఫారం ఇచ్చారు. ఒకచోట స్నానాల గదులు సంఖ్య ప్రకారం సరిగ్గా ఉన్నాయి. కానీ పిల్లలు జంటలుగా వెళ్తున్నారు. ఒకళ్లు లోపలుంటే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకుంటారు. తలుపులకి గడియల్లేవు. ఫారంలో గడియకి గడి లేదు. "గడియ ఉండాలని ఏ రూల్లో ఉందమ్మా?" అని బృందంలోని పెద్దాయన అడిగారట. ఆయన అడగడంలో తప్పులేదు, 'ఎలా ఉండాలి' అన్నది తేలకుండా పేరా రాయలేరు. ఆమె రెండు రోజులు పాత కాగితాలు తిరగేసి భవనం ఎస్టిమేటు బయటికి తీసింది. తలుపుతోపాటు గడియలకీ డబ్బు చెల్లించిన బిల్లు దొరికింది. అప్పుడు పేరా నిలబడింది.

ఈ చిన్న సంగతిలో నాకు పెద్ద చిక్కు కనిపిస్తుంది. బిల్లు దొరక్కపోతే ఏమయ్యేది? గడియ లేకపోవడం లోపమే కాకుండా పోయేది. ఆడిట్ ప్రభుత్వ విధానాన్ని ప్రశ్నించదు. ప్రభుత్వం తనకి తాను పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకుందా అని మాత్రమే చూస్తుంది. లక్ష్యం రాసినప్పుడే స్త్రీ అనుభవం అందులో లేకపోతే, ఎంత నిజాయితీగల ఆడిటరైనా ఆ లేమిని పట్టుకోలేదు.

దీన్ని అందరికంటే బాగా చూసినవాళ్లలో న్యూజిలాండ్‌కి చెందిన మారిలిన్ వేరింగ్ ఒకరు. ఇరవైల్లోనే పార్లమెంటు సభ్యురాలై, 1978 నుంచి 1984 వరకు ప్రభుత్వ వ్యయాల కమిటీకి అధ్యక్షత వహించింది. అంకెల మధ్య కూర్చున్నాకే ఆమెకి అసలు సంగతి అర్థమైంది. దేశాల ఆదాయాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతిలోనే వండడం, పిల్లల్ని పెంచడం పని కిందికి రావు. 1988లో వచ్చిన ఆమె పుస్తకం ఆ పద్ధతికే ఆడిట్. మన దేశంలో 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో జెండర్ బడ్జెట్ ప్రకటన వస్తోంది. ఏ పద్దు కింద స్త్రీలకి ఎంత కేటాయించారో అందులో ఉంటుంది. ఆ ఖర్చు వల్ల ఆ 299 నిమిషాల్లో ఎన్ని తగ్గాయని అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

అందుకే ఆడిట్ వృత్తిలోకి స్త్రీలు, అందులోనూ మానవశాస్త్రాలు, సాహిత్యం చదివినవాళ్లు రావాలని కోరుకుంటాను. స్త్రీలు సహజంగా నిజాయితీపరులన్న నమ్మకం నాకు లేదు. ఆ పొగడ్త కూడా మనల్ని మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టేదే. గడియ లేని తలుపు పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకి, ఫారంలో ఏ గడి లేదో కనిపించే అవకాశం ఎక్కువ. కనిపించినదాన్ని పేరాగా నిలబెట్టడానికి నైపుణ్యం కావాలి, అది ఉద్యోగం నేర్పుతుంది. ఆ అమ్మాయి తర్వాతి పరిశీలనకి వెళ్లేటప్పుడు ఫారంలో 'లోపలి గడియ పనిచేస్తోందా' అని ఒక వరస చేర్పించగలిగింది. తక్కిన వరసలు ఇంకా రాయవలసి ఉంది.